స్లీవ్ సర్జరీ తర్వాత ఇష్టమైన తిండి: మూడో ఏట నా సమీక్ష

బరువు తగ్గించే ఆపరేషన్ల గురించి చాలామంది మొదటి ఆరు నెలల్లోనే రాసేస్తారు. అప్పుడు ఆకలి పెద్దగా ఉండదు, తూకం చూసినప్పుడల్లా ముల్లు కిందికే దిగుతుంది, లోకమంతా బాగానే కనిపిస్తుంది. నాకు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ జరిగి మూడో ఏడు నడుస్తోంది. ఎంత తగ్గానన్న లెక్క పక్కన పెట్టి, పాత ఇష్టాల్లో ఏవి తిరిగొచ్చాయి, ఏవి రాలేదు, ఏవి రాకపోయి ఉంటే బాగుండేది అన్నదే రాస్తాను.

స్లీవ్‌లో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. మొదట్లో తిండి ధ్యాస తగ్గడానికి అదొక కారణం. మా అక్కకు చేసింది గ్యాస్ట్రిక్ బైపాస్. అందులో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రం వదిలి, చిన్న పేగును నేరుగా దానికి కలుపుతారు. ఇద్దరం ఒకటే తిన్నా ఒళ్లు ఒకేలా స్పందించదని ఆమె పక్కన కూర్చుని తింటున్నప్పుడే బాగా తెలిసింది.

మొదటి రెండు నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు తేటగా ఉండే ద్రవాలు, తర్వాత చిక్కటివి, ఆపైన మెత్తగా రుబ్బినవి, చివరికి చెంచాతో నలిగిపోయేంత మెత్తటి పదార్థాలు. ఏ దశ ఎన్ని రోజులన్నది ఆసుపత్రిని బట్టి మారుతుంది. కుట్లు మానేదాకా కడుపును ఇబ్బంది పెట్టకూడదు కాబట్టి ఇందులో బేరాలకు తావులేదు. విసుగు మాత్రం గ్యారంటీ.

అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. మా డైటీషియన్ చెప్పిన పద్ధతి ఒక్కటే: ఒక పూటకు ఒకే కొత్త పదార్థం, రెండు మూడు చెంచాలతో మొదలు. పడకపోతే దానికి శాశ్వతంగా దండం పెట్టనక్కర్లేదు, కొన్ని వారాలాగి మళ్లీ చూడవచ్చు. గుడ్డు విషయంలో ఇది అక్షరాలా నిజమైంది. మొదట్లో వాసనకే కడుపులో తిప్పేది. ఇప్పుడు నా పొద్దుటి తిండి అదే.

చికెన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇరుక్కునేది అక్కడే. పొడిగా ఉన్న ముక్కను సరిగా నమలకుండా మింగితే అది రొమ్ము ఎముక వెనక ఎక్కడో ఆగిపోతుంది. నొప్పి అనలేం, ఒక బిగింపు. ముక్కు కారడం మొదలవుతుంది, ఎక్కిళ్లు వస్తాయి, నోట్లో ఉమ్మి నురగలా ఊరుతూనే ఉంటుంది. నీళ్లు తాగితే దిగుతుందని చేయి గ్లాసు మీదికి వెళ్తుంది కానీ, దిగే దారే మూసుకుపోయినప్పుడు ఆ నీళ్లూ పైనే నిలుస్తాయి. లేచి మెల్లగా అటూ ఇటూ నడవడం, అది దిగేదాకో పైకి వచ్చేదాకో ఓపిక పట్టడం తప్ప చేయగలిగింది లేదు. పచారు చేసినా తగ్గక, నీళ్లు కూడా నిలవకపోతే మాత్రం డాక్టరుకు ఫోను చేయాల్సిందే.

నాకు కుదిరిన చిట్కాలు ఇవి: రొమ్ము మాంసం కన్నా తొడ మాంసం మేలు, తడి ఎక్కువ. ఉడికిన రోజే తినాలి, మర్నాడు వేడి చేస్తే పీచుగా మారుతుంది. ముక్క చూపుడువేలి గోరు కన్నా పెద్దది కాకూడదు, నోట్లో గుజ్జయ్యేదాకా నమలాలి. చేప వీటన్నిటికన్నా సులువు. చికెన్‌కు పదికి ఏడు, చేపకు తొమ్మిది.

మెత్తటి బ్రెడ్ నాకు ఇప్పటికీ పడదు. లోపల తడిసి బంక ముద్దవుతుంది. కరకరలాడేలా కాల్చుకుంటే సగం ముక్క దిగుతుంది. అన్నం, పాస్తా కూడా ఈ జాతివే. రెండు ముద్దలకే కడుపు నిండి, ప్రొటీన్‌కు చోటు లేకుండా చేస్తాయి. రోజుకు 60 గ్రాముల ప్రొటీనైనా అందాలంటారు, చాలామందికి 80 దాకా చెబుతారు. అందుకే పళ్లెంలో ముందు మాంసమో గుడ్డో పప్పో, తర్వాత కూరలు, చోటు మిగిలితేనే మిగతావి. తింటూ నీళ్లు తాగను, తిన్నాక అరగంట ఆగుతాను. ఈ ఒక్క అలవాటు రావడానికే నాకు బ్రెడ్ మానడం కన్నా ఎక్కువ కష్టమైంది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది వేరే. ఇరుక్కునే తిండి వల్ల ప్రమాదం తక్కువ. అది గొడవ చేస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. భయపడాల్సింది మర్యాదగా దిగిపోయేవాటికి. బిస్కెట్లు, చిప్స్, చాక్లెట్, ఐస్‌క్రీం నోట్లోనే కరిగి, ఆ సన్నటి గొట్టంలోంచి ఇట్టే జారిపోతాయి. బిగింపు ఉండదు, ఎక్కిళ్లు ఉండవు, కడుపు నిండిన కబురే రాదు. ఒక చిన్న చికెన్ ముక్కకు ఆగిపోయే నేను చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేయగలను. సర్జరీ కడుపు మీద జరుగుతుంది, నాలుక మీద కాదు. రెండో ఏడు దాటాక ఆకలి కొంత తిరిగొచ్చింది, పట్టే పరిమాణమూ పెరిగింది. బరువు మళ్లీ పెరిగేవాళ్లలో చాలామంది ఈ జారుడు తిండితోనే పెరుగుతారని నాకు గట్టి అనుమానం.

అక్కకు ఈ విషయంలో ఒక కాపలా ఉంది, కాకపోతే మొరటు కాపలా. ఐస్‌క్రీం కాస్త ఎక్కువైతే అరగంటలోపే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, వెంటనే పడక. దాన్ని డంపింగ్ అంటారు. చక్కెర ఒక్కసారిగా పేగులోకి చేరడం వల్ల వస్తుంది. కొందరికి తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య రక్తంలో చక్కెర పడిపోయి నీరసం కూడా వస్తుంది. స్లీవ్ వాళ్లకూ రావచ్చు గాని, తక్కువ. నాకు రాలేదు. అదృష్టమనాలో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నాకొచ్చిన తంటా ఛాతీలో మంట. స్లీవ్ తర్వాత ఇది చాలామందికి ఉండేదే. పుల్లటి పండ్లరసాలు, ఖాళీ కడుపున కాఫీ, పడుకునే ముందు ఏదైనా తినడం, మూడూ మానేశాను. పొద్దున తిన్నాక ఒక చిన్న కప్పు కాఫీ మాత్రం నిలిచింది. గ్యాసు పొంగే కూల్‌డ్రింకులు తిరిగి మొదలుపెట్టలేదు, వాటి మీద మోజు కూడా పోయింది. మద్యం జోలికి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మునుపటికన్నా త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది.

విందుల్లో "ఇంతేనా తినేది?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నెమ్మదిగా తింటుంటే అందరితోపాటే ముగుస్తుంది, ఎవరూ పళ్లెం వైపు చూడరు.

సర్జరీకి సిద్ధమవుతున్నవాళ్లు డైటీషియన్ దగ్గరికి తమకు ప్రాణమైన పదార్థాల జాబితా తీసుకెళ్లి, ఏది ఎప్పుడు, ఏ రూపంలో తినవచ్చో ముందే అడగండి. మధ్యాహ్నం భోజనానికి పది నిమిషాలే దొరికే ఉద్యోగమైతే అదీ చెప్పండి. నాకు చిన్న పళ్లేనికి కూడా ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ వ్యవధి కోసం ఆఫీసులో విడిగా మాట్లాడుకోవాల్సి వచ్చింది. విటమిన్ మాత్రలు, క్యాల్షియం, బి12 జీవితాంతం తప్పవు. ఐరన్, క్యాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి.