ఉద్యోగం చేస్తూ చదివిన హెచ్‌ఆర్ మేనేజ్‌మెంట్: కొన్నేళ్ళు వాడి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్ మనిషిని కాదు. ఆపరేషన్స్‌లో టీమ్ లీడ్‌గా ఉన్నప్పుడు ఉద్యోగం మానకుండా వీకెండ్ క్లాసుల్లో హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ పీజీ చేశా, తర్వాత మేనేజర్ అయ్యా, ఇప్పుడు నా పనిలో సగం మనుషుల్ని తీసుకోవడం, వాళ్ళని నిలబెట్టుకోవడం, వాళ్ళ జీతాల కోసం పైవాళ్ళతో వాదించడమే. కోర్సు అయిపోయిన వారానికే రాసిన రివ్యూలు బోలెడు కనిపిస్తాయి, ఫ్యాకల్టీ బాగున్నారు మెటీరియల్ బాగుంది అని. చదివినదాంట్లో పనిలో ఏది నిలబడింది ఏది ఎగిరిపోయింది అన్నది మాత్రం కొన్నేళ్ళు గడిస్తే గానీ తెలీదు కదా, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

నా తీర్పు ఇది: మీ కింద ఇద్దరో ముగ్గురో పనిచేస్తుంటే ఈ చదువు బంగారం, ఎవరూ లేకుండా చదివితే సగానికి పైగా పరీక్ష హాల్లోనే వదిలేసి వస్తారు. మా క్లాసులో రెండు రకాల వాళ్ళూ ఉండేవాళ్ళు. డిగ్రీ అవగానే వచ్చిన పిల్లలకి మార్కులు మాకంటే బాగా వచ్చేవి, కానీ పని సరిగ్గా చెయ్యని మనిషితో ఎలా మాట్లాడాలి అన్న చాప్టర్ మొదలవగానే వాళ్ళు నోట్స్ రాసుకుంటుంటే మాకు ఎవరో ఒకరి మొహం కళ్ళముందు కనిపించేది. సోమవారం ఆఫీసుకెళ్ళి ఆ మనిషి మీదే ప్రయోగం.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది సెలక్షన్ పేపర్, అంటే ఉద్యోగానికి మనుషుల్ని ఎలా ఎంచుకోవాలన్న సబ్జెక్ట్. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అని ఇద్దరు 1998లో 85 ఏళ్ళ రీసెర్చ్ అంతా కలిపి లెక్కేశారు, ఏ పద్ధతిలో మనిషిని ఎంచుకుంటే తర్వాత ఆ మనిషి పనితీరుతో ఎంత కలుస్తుందని (సున్నా అంటే అసలు సంబంధం లేదు, 1 అంటే పూర్తిగా కలిసింది). అందరికీ ఒకే ప్రశ్నలు అడిగి మార్కులేసే స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూకి 0.51 వచ్చింది, నోటికొచ్చింది అడుగుతూ పోయే ఇంటర్వ్యూకి 0.38, ఎన్నేళ్ళ అనుభవం అన్నదానికి 0.18, చేతిరాత చూసి మనిషిని చెప్పేదానికి దాదాపు సున్నా. ఇది చాలామంది క్లాసులో విని ఉంటారు, కానీ ఈ లెక్కలు ఎక్కువ చేసి చూపించాయని పాల్ శాకెట్ బృందం 2022లో మళ్ళీ సరిచేసింది, అప్పుడు స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ 0.42తో అన్నిటికంటే పైన నిలిచింది, మామూలు ఇంటర్వ్యూ 0.19కి పడిపోయింది, అనుభవం ఏళ్ళు 0.07. అంటే మనం జాబ్ పోస్టింగ్‌లో మొదటి లైన్లో రాసే "ఇన్నేళ్ళ ఎక్స్‌పీరియన్స్ తప్పనిసరి" అన్నదానికి అసలు విలువ అంత తక్కువ. అలాగని ఆ లైన్ తీసేయమంటే మా హెచ్‌ఆర్ వాళ్ళు ఒప్పుకోలేదు, వచ్చే అప్లికేషన్లని వడకట్టడానికి ఏదో ఒకటి కావాలి అన్నారు. అదీ నిజమే అనుకోండి.

ఇది నేను వాడే పద్ధతి: ప్రశ్నలు ముందే రాసుకోవడం, అందరికీ అవే, అదే వరుసలో. ఒక్కో ప్రశ్నకి ఒకటి నుంచి ఐదు మార్కులు, ఒకటి వచ్చే జవాబు ఎలా ఉంటుంది, మూడు ఎలా ఉంటుంది, ఐదు ఎలా ఉంటుంది అని రెండేసి లైన్లు. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్ళు వేసెయ్యాలి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే సీనియర్ మనిషి "నాకు నచ్చాడు" అన్నాక మిగతావాళ్ళ మార్కులు వాటంతటవే పెరుగుతాయి. దీనితోపాటు అరగంట పట్టే అసలు పని ముక్క ఒకటి చేయించి చూస్తాను. దీని మీద వచ్చే కంప్లైంట్ ఒకటే, ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి బోర్ కొడుతుంది, మాట్లాడుతుంటే పుట్టే ప్రశ్నలు అడగనివ్వవేంటి అంటారు. చివర్లో పది నిమిషాలు వదిలేస్తా, ఏమైనా మాట్లాడుకోమంటా, దానికి మాత్రం మార్కులుండవు. గొడవ తీరిపోయింది.

అప్రైజల్ పేపర్ కూడా బాగా నిలబడింది, కాకపోతే అది ఆనందంగా చదివే పేపర్ కాదు. 2000లో వచ్చిన ఒక స్టడీలో స్కలెన్, మౌంట్, గాఫ్ అనేవాళ్ళు వేలమంది మేనేజర్లకి వచ్చిన రేటింగులు విడదీసి చూస్తే, తేడాల్లో సగానికి పైగా రేటింగ్ ఇచ్చిన మనిషి స్వభావం వల్లే వచ్చినవని తేలింది, రేటింగ్ తీసుకున్న మనిషి పని వల్ల వచ్చిన వాటా దానికంటే చాలా తక్కువ. అది చదివాక నా టీమ్‌కి నేనిచ్చిన పాత రేటింగులు తీసి చూసుకోవాలనిపించింది, చూశా, ఆ వివరాలు ఇక్కడ వద్దులెండి. ఆచరణలో మిగిలింది రెండు అలవాట్లు. ఒకటి, ఏడాది పొడుగునా ప్రతి మనిషి గురించి తేదీ వేసి చిన్న చిన్న నోట్స్ రాసుకోవడం, లేకపోతే చివరి రెండు నెలల్లో జరిగిందే గుర్తుండి ఏడాదంతా అలాగే ఉన్నట్టు రేటింగ్ పడిపోతుంది. రెండోది, ఇంకో మేనేజర్‌తో కూర్చుని మా ఇద్దరి "నాలుగు" రేటింగ్ ఒకటేనా అని సరిచూసుకోవడం. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ కాలంలో పైన 20 శాతం, మధ్యలో 70, కింద 10 అని విడగొట్టి కింద 10 శాతాన్ని సాగనంపే పద్ధతి నడిచింది, చాలా కంపెనీలు దాన్ని చూసి ఫాలో అయ్యాయి, తర్వాత మైక్రోసాఫ్ట్ 2013లో తన ర్యాంకింగ్ పద్ధతిని ఎత్తేసింది, అడోబీ అంతకుముందే 2012లో ఏడాదికోసారి చేసే అప్రైజల్‌నే తీసేసి అప్పుడప్పుడు మాట్లాడుకునే పద్ధతికి మారింది. మా సిలబస్‌లో మాత్రం ఇలా శాతాలుగా విడగొట్టే ఫోర్స్‌డ్ ర్యాంకింగ్‌కి బోలెడు పేజీలు, ఎత్తేసిన సంగతికి ఒక్క పేరా.

ఇక కాంపెన్సేషన్, అంటే జీతభత్యాల పేపర్. దీన్ని ఎలక్టివ్‌గా పెట్టారు, చాలామంది లెక్కలుంటాయని వదిలేశారు. కెరీర్ పెరగాలని చదివేవాళ్ళకి సొంతంగా డబ్బు తెచ్చిపెట్టే పేపర్ ఇదొక్కటే అని నా అభిప్రాయం. ఒక ఉద్యోగానికి జీతం బ్యాండ్ (కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అన్న హద్దులు) ఎలా కడతారు, మధ్య బిందువు ఏంటి, మీ జీతాన్ని ఆ మధ్య బిందువుతో భాగిస్తే వచ్చే కంపా రేషియో ఏంటి, ఇవి తెలిశాక హైక్ గురించి మాట్లాడే తీరే మారిపోతుంది. మిడ్‌పాయింట్ 100 అనుకోండి, మీ జీతం 88 అయితే మీ రేషియో 0.88, మంచి రేటింగ్ ఉంటే పెంచడానికి చోటు చాలా ఉంది. అదే మీ జీతం 115 దగ్గర ఉంటే ఎంత బాగా చేసినా హైక్ చిన్నగానే వస్తుంది, చాలా కంపెనీల్లో మెరిట్ మ్యాట్రిక్స్ (రేటింగ్‌నీ బ్యాండ్‌లో చోటునీ చూసి హైక్ శాతం చెప్పే పట్టిక) అలాగే తయారు చేస్తారు, బ్యాండ్‌లో కింద ఉన్నవాళ్ళకి ఎక్కువ శాతం, పైన ఉన్నవాళ్ళకి తక్కువ. నా టీమ్‌లో బాగా పనిచేసే ఒక సీనియర్ ప్రతి ఏడూ తక్కువ హైక్ వచ్చిందని బాధపడుతుంటే నేను కూడా మేనేజ్‌మెంట్‌నే తిట్టుకునేదాన్ని, తర్వాత అర్థమైంది ఆవిడ బ్యాండ్ పైకప్పుకి తగిలి ఉందని, ఇంక హైక్ కోసం కాదు పై బ్యాండ్‌కి ప్రమోషన్ కోసం కేసు కట్టాలని. కట్టాం, వచ్చింది. జీతం చర్చల్లో "నేను బ్యాండ్‌లో ఎక్కడున్నాను" అని, అది అందరికీ ఉన్న హక్కే అన్నంత మామూలుగా అడిగెయ్యండి, చెప్పకపోతే చెప్పలేదు.

థియరీ పేపర్ల దగ్గర మాత్రం నాకు ఓపిక పోయింది. మనుషుల చేత పని చేయించేది ఏంటి అని సిద్ధాంతాలు రాసిన మాస్లో 1943, హెర్జ్‌బర్గ్ 1959, మెక్‌గ్రెగర్ 1960, ఒక సెమిస్టర్ అంతా వీళ్ళే. మనిషి అవసరాల్ని మెట్లుమెట్లుగా చూపించే మాస్లో పిరమిడ్ బొమ్మ వెయ్యకపోతే పరీక్షలో మార్కులు కట్ చేస్తారు, తమాషా ఏంటంటే ఆ పిరమిడ్ మాస్లో గీసింది కాదు, తర్వాత మేనేజ్‌మెంట్ వాళ్ళు గీసుకున్నది. హాథార్న్ ప్రయోగాలు కూడా అంతే, షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగాయి, లైట్లు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగింది ఎందుకంటే తమని ఎవరో గమనిస్తున్నారని వర్కర్లకి తెలుసు అని అందరూ చెప్పే కథ. లెవిట్, లిస్ట్ అనే ఎకనామిస్టులు ఆ పాత లైటింగ్ డేటా దొరకబుచ్చుకుని 2011లో మళ్ళీ లెక్కేస్తే కథలో చెప్పినంత గొప్ప ఎఫెక్ట్ ఏమీ కనపడలేదు. క్లాసులో ఇది అడిగితే సిలబస్‌లో లేదన్నారు. హెర్జ్‌బర్గ్ నుంచి మాత్రం ఒక ముక్క దాచుకున్నా, జీతం, కుర్చీ, రూల్స్ లాంటివి సరిగ్గా లేకపోతే మనుషులు చిరాకుపడతారు, సరిచేస్తే చిరాకు పోతుంది గానీ పని మీద ఇష్టం పుట్టదు అని. రీసెర్చ్‌లో దానిమీదా బోలెడు విమర్శలున్నాయి, అయినా టీమ్ చూసేవాళ్ళకి పనికొస్తుంది.

లేబర్ లా పేపర్ ఒక్కో దేశానికి ఒక్కోలా ఉంటుంది, చట్టాలు మారుతుంటాయి, పాస్ అవ్వడానికి చదవండి, నిజంగా అవసరం పడితే లాయర్‌ని అడగండి. హెచ్‌ఆర్ ఎనలిటిక్స్ అని పెద్ద పేరు పెట్టి నేర్పింది ఎక్సెలే, అందులో ఒక్కటి నిలబడింది, మొత్తం ఎట్రిషన్ (ఉద్యోగం వదిలి వెళ్ళిపోయేవాళ్ళ లెక్క) ఒక్క నంబర్‌గా చూడకుండా చేరిన ఏడాదిలోపే వెళ్ళినవాళ్ళని వేరు చేసి చూడటం. అలా చూస్తే తప్పు పనిలో ఉందా తీసుకోవడంలోనే ఉందా అన్నది చాలావరకు బయటపడుతుంది.

సర్టిఫికెట్ సంగతి. డిగ్రీ కాకుండా హెచ్‌ఆర్ సంస్థలు పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్లు, అమెరికా వైపు ఎస్‌హెచ్‌ఆర్‌ఎం వాళ్ళ సీపీ, హెచ్‌ఆర్‌సీఐ వాళ్ళ పీహెచ్‌ఆర్, బ్రిటన్ వైపు సీఐపీడీ అనే సంస్థ క్వాలిఫికేషన్లు, ఇవి చాలామంది అడుగుతారు. మొదటి రెండూ పాసైతే అయిపోయినట్టు కాదు, మూడేళ్ళకి కొత్తవి నేర్చుకుంటున్నట్టు 60 క్రెడిట్లు చూపించాలి లేకపోతే మళ్ళీ పరీక్ష, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందే ఆఫీసులో అడిగి పెట్టుకోండి. పూర్తిగా హెచ్‌ఆర్‌లోకి మారాలనుకునేవాళ్ళకి ఇవి షార్ట్‌లిస్ట్ దాటడానికి పనికొస్తాయి. నాలాగా సొంత లైన్లోనే ఉండి పైకి వెళ్ళాలనుకునేవాళ్ళకి అవసరం లేదు.

కెరీర్ పెరిగిందా అంటే పెరిగింది, కానీ పీజీ పట్టా చూసి ఎవరూ ప్రమోషన్ ఇవ్వలేదు. నేను తీసుకున్నవాళ్ళు నిలబడ్డారు, రేటింగుల మీద గొడవలు తగ్గాయి, పైవాళ్ళకి కనపడింది అది. ఒక సైడ్ ఎఫెక్ట్ కూడా ఉంది, ఎవరూ చెప్పరు. హెచ్‌ఆర్ చదువుతున్నానని తెలిశాక టీమ్‌లో కొంతమంది నా దగ్గర మాటలు ఆచితూచి మాట్లాడటం మొదలెట్టారు, నువ్వు కంపెనీ మనిషివి అయిపోయావన్నట్టు. డేవ్ ఉల్రిక్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ 1997లో హెచ్‌ఆర్‌కి నాలుగు పాత్రలు చెప్పాడు, అందులో ఒకటి వ్యాపారానికి భాగస్వామి, ఇంకోటి ఉద్యోగుల తరఫు మనిషి. ఒకే మనిషి ఆ రెండూ ఎలా మొయ్యాలో ఏ పేపర్లోనూ లేదు, జనాలకి ఆ అనుమానం రావడంలో తప్పేం లేదు.

చేరేముందు రెండు విషయాలు అడగండి. కాంపెన్సేషన్ పేపర్ ఉందా, ఉంటే చెప్పేది ఎప్పుడైనా జీతాల బ్యాండ్లు కట్టిన మనిషేనా. ఫైనల్ ప్రాజెక్ట్ మీ సొంత ఆఫీసులో చేసుకోనిస్తారా. చేసుకోనిస్తే దయచేసి ఉద్యోగుల సంతృప్తి మీద సర్వే మాత్రం పెట్టకండి, క్లాసులో ముప్పాతికమంది అదే చేస్తారు, అందరి రిపోర్టులోనూ ఉద్యోగులు మొత్తం మీద సంతృప్తిగానే ఉన్నారని వస్తుంది. మీ డిపార్ట్‌మెంట్ నుంచి వెళ్ళిపోయినవాళ్ళ ఎగ్జిట్ ఇంటర్వ్యూలు తీసుకుని, పేర్లు తీసేసి, వాళ్ళని తీసుకున్నప్పుడు ఇంటర్వ్యూలో ఎవరు ఎన్ని మార్కులేశారో పక్కన పెట్టి చూడండి. గైడ్ ఒప్పుకోడానికి కొంచెం టైమ్ పడుతుంది, మీ బాస్ మాత్రం ఆ రిపోర్ట్ మొత్తం చదువుతాడు.