గామెలాన్: ఎదురుగా కూర్చుని వినాలా, సరోన్ ముందు కూర్చోవాలా?

జావాలోని సురకర్తా, యోగ్యకర్తా కళా విశ్వవిద్యాలయాల్లో గామెలాన్ (గాంగులు, లోహపు పలకల వాద్యాలతో సాగే జావా సంప్రదాయ వాద్యగోష్ఠి) బృందం కూర్చున్నప్పుడు కొత్తవారికి అవకాశమిస్తే, ముందు సరోన్ (వరుసగా పేర్చిన లోహపు పలకలను సుత్తితో కొట్టే వాద్యం) పట్టుకోవడమే మంచిది.

సరోన్‌లో కష్టమంతా ఎడమచేతిది. కుడిచేతి చెక్క సుత్తి కొత్త పలకను తాకే క్షణానికే ఎడమ బొటనవేలు, చూపుడువేలు పాత పలకను పట్టి ఆపాలి. తొందరపడితే స్వరం తెగిపోతుంది, ఆలస్యమైతే రెండు స్వరాలు కలగాపులగమవుతాయి. అంకెల లిపిలో చుక్క కనిపిస్తే పట్టుకోకండి, మోగనివ్వండి.

వినేవారికి దక్కేది నిర్మాణం. లాద్రాంగ్ అనే రచనా రూపంలో ఆవృత్తానికి 32 దెబ్బలు. ప్రతి 8వ దెబ్బకు కెనోంగ్ (పడుకోబెట్టిన కుండలాంటి గాంగ్). 12, 20, 28 మీద కెంపుల్ (వేలాడే చిన్న గాంగ్). 4వ దగ్గర కావాలనే మౌనం. 32కి పెద్ద గాంగ్. మన తాళంలో సమం మొదట వస్తుంది. ఇక్కడ బరువంతా చివరి దెబ్బదే, అందుకే గాంగ్‌ను ఒకటిగా లెక్కపెట్టిన మనవాళ్లు దారి తప్పుతారు. రెబాబ్ (కమానుతో వాయించే తీగల వాద్యం) తీగల మెత్తదనం, గెండెర్ (మెత్తగా మోగే లోహపు పలకల వాద్యం) గుసగుస కావాలంటే వాటికి దగ్గరగా కూర్చోవాలి. సరోన్ వాయిస్తూ ఉంటే ఇవి దాదాపు వినపడవు.

రెండింటికీ చెప్పులు బయటే. వాద్యాలను దాటి నడవకూడదు, చుట్టూ తిరిగి వెళ్లాలి.