చేతికుట్టు పనిముట్లు: కోనసీమ తేమలో కొన్నేళ్లు వాడాక

తోలు పర్సులు, బెల్టులు, కార్డు కేసులు చేత్తో కుట్టి అమ్ముతుంటాను. ఉండేది అమలాపురం. ఈ పనిలోకి దిగాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది, ఏ కంపెనీ ప్రికింగ్ ఐరన్ (కుట్లు పడాల్సిన చోట్ల తోలు మీద గుర్తులు దించే పళ్ల పనిముట్టు) కొనమంటారని. కొన్నేళ్లు వాడాక నేను చెప్పేది ఇది: ఐరన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు తోలుకి రంధ్రం గుచ్చే మంచి ఆరె, తోలును బిగించి పట్టే క్లామ్ సంపాదించండి. నా కుట్టు తీరు మార్చినవి ఆ రెండే.

ఐరన్ చేసే పని గుర్తు పెట్టడం. పళ్ల మధ్య దూరం సమానంగా ఉండాలి, వాలు ఒకే తీరుగా పడాలి, తోలులోంచి లాగినప్పుడు పళ్లు తోలును పైకి లేపకూడదు. ఇవి మూడూ ఉంటే చాలు. నేను ఎక్కువగా వాడేది పళ్ల మధ్య 3.38 మి.మీ. దూరం ఉండే రకం. ఈ అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు. ఫ్రాన్సు పాత అంగుళం 27.07 మి.మీ. అందులో 8 కుట్లు పడితే ఒక్కోటి 3.38 అవుతుంది, 9 పడితే 3 మి.మీ., 10 పడితే 2.7. ఐరన్ల మీద కనిపించే పాత నంబర్లు ఈ లెక్కలోంచి వచ్చినవే. పర్సుకి 3.38 నిండుగా కనిపిస్తుంది. బెల్టుకి 3.85 తీసుకుంటాను. ఆన్‌లైన్‌లో చౌకగా తెప్పించిన సెట్టు ఒకటి పళ్ల అంచులు గరుకుగా వచ్చింది. సన్నని ఎమరీ కాగితంతో రుద్ది నున్నగా చేశాక ఇప్పటికీ పనిచేస్తోంది. ఖరీదైనది కొంటే ఆ రుద్దుడు శ్రమ తప్పుతుంది. కుట్టులో నాకు కనిపించిన తేడా మాత్రం చాలా తక్కువ.

అసలు తేడా ఆరెలో ఉంది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్న పనిముట్టే ఇది. కాకపోతే ఈ కుట్టుకి వాడే బ్లేడు గుండ్రంగా ఉండదు, దానికి నాలుగు మూలలుంటాయి. ఆ మూలలు పదునుగా ఉంటే తోలును కోసుకుంటూ పోతుంది. మొద్దుబారితే తోలును నెట్టుకుంటూ పోయి వెనకవైపు బొడిపెలు లేపుతుంది. వెనక వరస వంకర పోవడానికి చాలాసార్లు కారణం చెయ్యి కాదు, ఈ మొద్దుతనమే. కొత్తగా కొన్న బ్లేడు కూడా చాలావరకు పదును లేకుండానే వస్తుంది. 1000 నంబరు రాయి మీద ఒక్కో ముఖాన్నీ బల్లపరుపుగా ఆనించి రుద్దాలి, తర్వాత 3000 మీద, చివర్లో తోలు పట్టీకి ఆకుపచ్చ పాలిష్ పూసి దాని మీద నాలుగు లాగుళ్లు. మూడు మిల్లీమీటర్ల తోలు ముక్కలో గుచ్చి చూడండి. చప్పుడు లేకుండా, మణికట్టు బిగించాల్సిన పని లేకుండా దిగితే పదును వచ్చినట్టు. 0.6 మి.మీ. దారానికి 2 మి.మీ. వెడల్పు మించని బ్లేడు తీసుకోండి. అంతకన్నా పెద్దదైతే రంధ్రం దారం చుట్టూ నోరు తెరుచుకునే ఉంటుంది.

గుచ్చేటప్పుడు బ్లేడు వాలు ఐరన్ గుర్తు వాలుతో కలవాలి, ఆరె తోలుకి నిటారుగా ఉండాలి. ఆ తర్వాత అంతా వరస. ఒకే దారం రెండు కొసలకీ చెరో సూది ఉంటుంది. ఎడమ సూది ముందు వస్తుంది. దాని దారాన్ని కొంచెం వెనక్కి లాగి పట్టుకుని కుడి సూదిని అదే రంధ్రంలో దించుతాను. అలా లాగి పట్టకపోతే రెండో సూది మొదటి దారాన్ని చీల్చేస్తుంది, ఇక బిగించడం కుదరదు. రెండో సూది పూర్తిగా బయటికి రాకముందే దాని మీదుగా దారాన్ని ఒక మెలిక వేస్తే వెనకవైపు కుట్టు కూడా వాలుగా పడుతుంది. మెలిక వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. వేస్తే మాత్రం మొదటి కుట్టు నుంచి చివరిదాకా వేయాలి. మధ్యలో ఒక్కటి మరిచినా కొనేవాడి కన్ను సరిగ్గా అక్కడికే పోతుంది.

బిగింపు సంగతి నాకు బాగా తెలిసొచ్చింది నరసాపురంలో మా అత్తయ్య లేసు అల్లుతుంటే చూసి. ఆవిడ దారాన్ని చిటికెన వేలికి చుట్టి వదులుతుంది, బిగువు ఎక్కడా మారదు. నేనూ రెండు దారాలనీ చిటికెన వేళ్లకి ఒకే తీరుగా చుట్టి, రెండు చేతులూ ఒకేసారి పక్కలకి లాగుతున్నాను. బలంగా లాగక్కర్లేదు. దారం తోలు మీద ఆనితే చాలు, తోలు ముడుచుకుందంటే లాగుడు ఎక్కువైనట్టు.

ఇదంతా జరగాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, అందుకే క్లామ్. మోకాళ్ల మధ్య పెట్టుకునేది, రెండు వంపు బద్దలతో చేస్తారు. తయారుగా దొరికేవి బరువుగా, దవడలు గట్టిగా అనిపించాయి. తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే మేస్త్రి ఒకాయన దగ్గరికి బొమ్మ గీసుకుని వెళ్లాను. “బద్ద వంచడం మాకు కొత్తేం కాదండి, వేడి చూపిస్తే అదే దారికొస్తాది” అన్నారు. టేకు బద్దలు వంచి, కింద ఇత్తడి మేకులతో బిగించి ఇచ్చారు. దవడలకి లోపల మెత్తటి తోలు అంటించుకున్నాను. ఇన్ని వానాకాలాలు గడిచినా వంపు పోలేదు.

దారం విషయంలో మా ప్రాంతం వాళ్లకి నా మాట వేరు. ఫ్రెంచి నార దారం చూపుకి చాలా బాగుంటుంది. 432, 532, 632 అని నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. కానీ ముసురు పట్టిన రోజుల్లో విప్పి పెట్టిన నార దారపు ఉండకి మా ఇంట్లో బూజు పడుతుంది. పైగా ఇక్కడి చెమటకి, తేమకి రోజూ జేబులో నలిగే పర్సుకి పాలిస్టరే మేలు. నేను వాడేది జర్మనీ రిట్జా టైగర్ దారం, 0.6 మి.మీ., అల్లిక రకం, మైనం పూసే వస్తుంది. చివర రెండు కుట్లు వెనక్కి కుట్టి, కత్తిరించి, లైటర్‌తో తాకిస్తే కొస కరిగి అతుక్కుపోతుంది. నార దారం వాడాల్సి వస్తే తేనెమైనం దట్టంగా పట్టించి, గాలి చొరని డబ్బాలో దాచండి.

సూదులు ఇంగ్లండ్ జాన్ జేమ్స్‌వి, మొద్దు మొన ఉన్నవి, 4వ నంబరు. వంగినవి పక్కన పడేస్తాను.

తుప్పు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఐరన్ పళ్లకి, ఆరెకి పని అయిపోగానే కుట్టుమిషన్ నూనె పూసిన గుడ్డతో తుడవాలి. కొబ్బరి నూనె ఇంట్లో ఉంది కదా అని పూయకండి, కొన్నాళ్లకి వాసన పట్టి తోలుకి అంటుతుంది. తోలు చెన్నై పెరియమేట్ నుంచి తెప్పిస్తాను, చెట్టు బెరడు, కరక్కాయలతో శుద్ధి చేసిన రకం. అది వానాకాలంలో తేమ పీల్చి మెత్తబడుతుంది, ఆరె దిగడం తేలికవుతుంది. కానీ అప్పుడు కుట్టిన బిగువు ఎండాకాలానికి కొంచెం వదులవుతుంది. అందుకని వానల్లో కత్తిరించిన ముక్కల్ని ఒక పూట ఫ్యాను కింద ఆరబెట్టి గానీ కుట్టను. నీళ్ల జిగురు ఆ రోజుల్లో ఆరడానికి రెట్టింపు సమయం తీసుకుంటుంది, తొందరపడి అంటిస్తే పొరలు జరుగుతాయి.

ఈ క్లామ్‌కి ఒక పరిమితి ఉంది. పెద్ద బ్యాగు అడుగు భాగం దవడల్లో పట్టదు. అలాంటివి బల్ల అంచుకి ఆనించి, ముందే ఐరన్‌తో పూర్తిగా రంధ్రాలు దించి కుట్టుకోవాల్సి వస్తోంది. దవడలు ఇంకో నాలుగంగుళాలు వెడల్పుతో రెండోది చేయించడానికి మళ్లీ తాళ్లరేవు వెళ్లాలి.