యిడ్డిష్ సాయంత్రపు తరగతి: పన్నెండు మంగళవారాలు, పదకొండు వందల షెకెళ్లు

ఈ తరగతి నడిపే సంస్థ పేరు రాయడం లేదు. నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి, పంతులమ్మ మీద మాత్రం గౌరవం ఉంది. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో మూడో అంతస్తు, పనిచేయని లిఫ్ట్, మంగళవారం సాయంత్రం ఆరున్నర. ఆ మెట్లు ఎక్కినవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు.

యిడ్డిష్ అంటే యూరప్ యూదులు ఇళ్లలో మాట్లాడుకున్న భాష. కేర్‌గివర్‌కు అది ఎందుకని పేరు నమోదు చేసుకునే బల్ల దగ్గరే అడిగారు. టెల్ అవీవ్ పక్కనున్న బట్ యామ్‌లో తొంభై రెండేళ్ల పెద్దావిడను ఏడేళ్లుగా చూసుకుంటున్నాను. నేను ఆమెను పిలిచేది సవ్తా అని. ఇక్కడివాళ్ల భాష హీబ్రూలో అమ్మమ్మయినా నానమ్మయినా అదే మాట. వచ్చిన కొత్తలో వంటింట్లో, కూరగాయల సంతలో, ఆరోగ్య కేంద్రం వరసలో నిలబడి హీబ్రూ నేర్చుకున్నాను. లేవండి, తినండి, మాత్ర వేసుకోండి, డాక్టరుగారు ఇంకా రాలేదు. చదవడం అంతంతమాత్రమే కానీ మాటకు మాట చెప్పగలను. సవ్తా, నేను అయిదేళ్లు ఆ భాషలోనే పోట్లాడుకుని, ఆ భాషలోనే రాజీపడ్డాం.

తర్వాత ఆమెకు మతిమరుపు ముదిరింది. కొత్త నీరొచ్చి పాత నీరు కొట్టుకుపోతుందంటారు కదా, ఈ ఇంట్లో కొత్త నీరు ఇంకిపోయి పాత నీరు పైకి ఊరింది. ఆమె పుట్టింది 1932లో, పోలండ్‌లోని వూచ్ నగరంలో. ఓడ దిగి ఈ దేశంలో అడుగుపెట్టింది 1949లో, పదిహేడేళ్ల వయసులో. అంటే హీబ్రూ ఆమెకు పదిహేడేళ్లకు వచ్చిన భాష. పోయేటప్పుడు ముందు అదే పోయింది. ఒకరోజు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోను చేసి ఆమె కూతురికి వినిపించాను. ఆవిడకూ అర్థం కాలేదు! ‘ఇది మేం వినకూడని సంగతులు అమ్మానాన్నలు మాట్లాడుకునే భాష. మాకు నేర్పలేదు’ అంది. ఆవిడకు అరవై ఆరేళ్లు. ఫీజు ఆవిడే కట్టింది.

ఇక తరగతి సంగతి. మొదటిరోజే తెలిసింది, యిడ్డిష్‌ను ఇక్కడ చెప్పేది హీబ్రూలో. తప్పుపట్టడానికి లేదు, పన్నెండుమందికీ వచ్చిన ఉమ్మడి భాష అదే. కానీ ఆ గదిలో కూర్చుంటే ఈ రెండు భాషల పోటీలో ఏది గెలిచిందో వేరే చెప్పక్కర్లేదు. నిజానికి ఏడేళ్లుగా నేను హీబ్రూ అనుకుని వాడిన మాటల్లో కొన్ని యిడ్డిష్‌వేనని కూడా అక్కడే తెలిసింది. వరసలో వెనకనున్నవాళ్లు తోసే ‘ను!’, ప్రాణం తోడేసేవాడికి వాడే ‘నుద్నిక్’, ఎదుటివాడి మంచికి అసూయ లేకుండా సంతోషించే ‘ఫిర్గున్’, అన్నీ అవే.

అక్షరాల పాఠం బ్రహ్మాండం. మూడు తరగతుల్లో చదవడం వచ్చేసింది. అక్షరాలు రెండు భాషలకూ ఒకటే. అయితే హీబ్రూ వార్తాపత్రికలో అచ్చులు రాయరు, హల్లుల మధ్య వాటిని మన తలలో పూరించుకోవాలి. గుణింతాలతో పెరిగిన నాకు అది ఏడేళ్లుగా నరకం. యిడ్డిష్‌లో అలా కాదు. హీబ్రూలో హల్లుగా ఉన్న అయిన్ అనే అక్షరం ఇక్కడ చక్కగా ‘ఎ’ అయి కూర్చుంటుంది, ఆలెఫ్ కింద గీతను బట్టి ‘అ’ అవుతుంది, ‘ఒ’ అవుతుంది. రాసింది రాసినట్టు చదువుకోవచ్చు. ఇంటికొచ్చినంత హాయి అనిపించింది.

మెలిక ఎక్కడుందంటే, హీబ్రూ నుంచి వచ్చిన మాటలను మాత్రం హీబ్రూ అక్షరక్రమంలోనే ఉంచుతారు. నిజం అనే మాట ఆలెఫ్, మెమ్, తావ్ అని మూడక్షరాలు. హీబ్రూవాడు దాన్ని ‘ఎమెత్’ అంటాడు, యిడ్డిష్‌వాడు అవే అక్షరాలు చూసి ‘ఎమెస్’ అంటాడు. శనివారం ఒకరికి షబ్బాత్, ఇంకొకరికి షాబెస్. సోవియట్ యూనియన్‌లో అయితే ఈ మినహాయింపును కూడా తీసేసి, ఆ మూడక్షరాల మాటను పలికినట్టే నాలుగక్షరాలతో రాయించారట. ఆ మాట పేరుతోనే అక్కడి కమ్యూనిస్టు పార్టీ పత్రిక ఒకటి నడిచింది. హీబ్రూ మతం భాష, యిడ్డిష్ శ్రామికుల భాష అని అక్కడి లెక్క. హీబ్రూను అణిచి యిడ్డిష్ బడులు పెట్టిన ఆ రాజ్యమే 1952 ఆగస్టు 12న పదమూడుమంది యూదులను కాల్చి చంపింది. వాళ్లలో పెరెట్స్ మార్కిష్, డేవిడ్ బెర్గెల్‌సన్ లాంటి యిడ్డిష్ రచయితలున్నారు. బోర్డు మీద ఒక మాటను రెండు రకాలుగా రాసి, పంతులమ్మ మమ్మల్ని అక్కడి నుంచి ఇక్కడికి తీసుకొచ్చారు. ఆవిడ బలం అదే.

బలహీనత కూడా అదే. అయిదో వారం, ఆరో వారం మొత్తం చెర్నోవిట్జ్ మహాసభకే పోయాయి. 1908లో, అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉన్న ఆ ఊళ్లో (ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది) యిడ్డిష్ కోసం పెద్దలు సమావేశమయ్యారు. పిలుపునిచ్చినవాళ్లలో ముఖ్యుడు నేథన్ బిర్న్‌బామ్. యూదులకు సొంత దేశం కావాలన్న ఉద్యమానికి జయోనిజం అన్న మాటను పుట్టించిందీ ఆయనే, యిడ్డిష్‌ను పెద్దయ్యాక నేర్చుకున్నదీ ఆయనే. అక్కడ జరిగిన పోట్లాట ఏమిటంటే, యిడ్డిష్ యూదుల ‘ఒక’ జాతీయ భాషా, లేక జాతీయ భాష అంటే అదొక్కటేనా అని. యూదు కార్మికుల సోషలిస్టు పార్టీ అయిన బుంద్ నుంచి వచ్చిన ఎస్తేర్ ఫ్రుమ్‌కిన్ అదొక్కటే అని పట్టుబట్టింది. చివరికి ‘ఒక’ దగ్గర రాజీ కుదిరింది. మన భాషలోనైతే ‘ఒక’ రాస్తే ఉంటుంది, తీసేస్తే ఎవరూ గమనించరు. హీబ్రూలోనూ ఆ ‘ఒక’కు సమానమైన చిన్న మాట లేదు. నేను ఆ మాటే అంటే పంతులమ్మ పకపకా నవ్వి, అందుకే ఆ గొడవ యిడ్డిష్‌లో పెట్టుకున్నారు అన్నారు.

బాగుంది. కానీ ఆ రాత్రి ఇంటికెళ్తే సవ్తా ఏదో నొప్పి అంటోంది, ఎక్కడో చెప్పలేకపోతోంది. నొప్పి అనే మాట పాఠాల్లో తొమ్మిదో వారానికి గానీ రాదు.

గ్రాంథికం, వ్యావహారికం గొడవ తెలిసిన తెలుగువాళ్లకు ఈ కథ సగం తెలిసినట్టే ఉంటుంది. పండితుల భాష ఒకటి, ఇంట్లో అమ్మ భాష ఒకటి. యిడ్డిష్‌ను ‘మామె లొష్న్’ అనే పిలుస్తారు, అమ్మ నుడి అని. హీబ్రూ ‘లొష్న్ కొయ్‌దెష్’, పవిత్ర భాష. తేడా ఏమిటంటే ఇక్కడ గిడుగు ఓడిపోయాడు. ప్రార్థనల్లో ఉన్న భాషే వీధిలోకి దిగి టమాటాలు బేరమాడింది, అమ్మ భాష తలుపు వెనక్కి పోయింది. మామూలుగా పోలేదు, తోశారు. 1923లో ఇదే టెల్ అవీవ్‌లో బడిపిల్లలు ‘భాషా రక్షకుల దళం’ అని పెట్టుకుని, హీబ్రూవాడా, హీబ్రూ మాట్లాడు అని వీధుల్లో జనం వెంటపడ్డారు. 1927లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో యిడ్డిష్ పీఠం పెడదామంటే, పీఠం వస్తే విశ్వవిద్యాలయం పని అయిపోయినట్టేనని గోడపత్రాలు వేశారు. చివరికి 1951లో పెట్టారు. అప్పటికి ఆ భాష మాట్లాడే లక్షలాది జనం యూరప్‌లో బూడిదైపోయారు. నాజీలు చంపిన అరవై లక్షలమంది యూదుల్లో అత్యధికులు యిడ్డిష్ మాట్లాడేవాళ్లే.

పంతులమ్మ ఏకపక్షంగా చెప్పలేదు, అది ఒప్పుకోవాలి. తరగతిలో చేతులు మారిన ఒక పాత సంచిక పేరు ‘ది గొల్డెనె కేట్’, బంగారు గొలుసు అని. కవి అబ్రహాం సుట్స్‌కెవర్ సంపాదకత్వంలో 1949 నుంచి 1995 వరకు టెల్ అవీవ్‌లోనే వెలువడిన యిడ్డిష్ సాహిత్య పత్రిక. దానికి డబ్బు పెట్టింది హిస్తద్రూత్, అంటే హీబ్రూను భుజాన మోసిన కార్మిక సంఘమే. గోధుమరంగుకు తిరిగిన కాగితం, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. నేను రెండు పంక్తులు కూడబలుక్కుని చదివాను. అర్థం కాలేదు, అయినా చదవగలిగాను.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. తరగతిలో ఒక్కడికి మాత్రం యిడ్డిష్ పుట్టుకతో వచ్చు. టెల్ అవీవ్ పక్కనున్న బ్నేయ్ బ్రాక్‌లో, మతాచారాలు కఠినంగా పాటించే హసిదీ యూదుల కుటుంబంలో పుట్టి, ఇరవై ఏళ్లకు ఆ ఇల్లు వదిలి వచ్చిన కుర్రాడు. ఆ వీధుల్లో ఇప్పటికీ పిల్లలు యిడ్డిష్‌లోనే పోట్లాడుకుంటారు. హీబ్రూ పవిత్రం కాబట్టి దాన్ని సంతలో వాడకూడదని వాళ్ల పట్టుదల. చదవడం రాయడం కుదురుగా నేర్చుకుందామని వచ్చాడు. నోరు తెరిస్తే గడగడా మాట్లాడేవాడు. పుస్తకం ప్రకారం నామవాచకం ముందు డెర్, డి, డొస్ అని మూడు లింగాలకు మూడు మాటలుండాలి. అతను అన్నిటికీ ‘డె’ అనేస్తాడు, అతని వీధి అంతా అలాగే అంటుంది. పంతులమ్మ సరిదిద్దారు. మళ్లీ అన్నాడు, మళ్లీ సరిదిద్దారు. మూడో వారంలో పెన్ను మూత పెట్టి, ‘మా అమ్మ కూడా తప్పే మాట్లాడుతుందన్నమాట’ అన్నాడు మెల్లిగా. నాలుగో వారం రాలేదు. అమ్మ భాష నేర్పే చోట అమ్మ దగ్గర నేర్చుకున్నవాడికే కుర్చీ లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

నా వంతు తొమ్మిదో వారంలో వచ్చింది. ‘ఎస్ టుట్ మిర్ వే’, నాకు నొప్పిగా ఉంది. బస్సులో యాభైసార్లు అనుకుంటూ ఇంటికెళ్లాను. మర్నాడు పొద్దున్నే మంచం పక్కన కూర్చుని, ‘గుట్ మోర్గ్న్, సవ్తా’ అన్నాను. ఆమె కళ్లు నా మీద నిలిచాయి. చాలా రోజుల తర్వాత ఆ చూపులో బడిపంతులు కనిపించింది.

‘గిట్’ అంది. ‘గిట్ మోర్గ్న్.’

మోకాలు చూపించి, టుట్ వే అని అడిగాను. ‘టిట్ వాయ్’ అని దిద్దింది. పోలండ్ యిడ్డిష్‌లో ‘ఉ’ ‘ఇ’ అవుతుంది, ‘ఏ’ ‘ఆయ్’ అవుతుంది, ‘వొస్’ అంటే ‘వుస్’. తరగతిలో నేర్పేది 1925లో విల్నాలో (ఇప్పటి లిథువేనియాలోని విల్నియస్) మొదలైన యివో అనే యిడ్డిష్ పరిశోధన సంస్థ పేరుతో స్థిరపడిన ప్రామాణిక ఉచ్చారణ. ఆ సంగతి మొదటిరోజే చెప్పి, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ ఊరివాళ్లని అడిగి ఉంటే ఎనిమిది వారాలు కలిసొచ్చేవి. అడగలేదు. అడిగితే పంతులమ్మ చెప్పగలరు, పదో వారం విరామంలో నా చేతిలో ఒక కాగితం పెట్టి పది నిమిషాల్లో మొత్తం మార్పులు రాయించారు. ఆ కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. పదకొండు వందల షెకెళ్లలో సగం దానికే చెల్లిపోయాయి.

అప్పటినుంచి ఇంట్లో ఒక విచిత్రం నడుస్తోంది. శుక్రవారం కూతురు వస్తుంది. సవ్తా నాతో యిడ్డిష్‌లో చెబుతుంది, నేను నా వంటింటి హీబ్రూలోకి మార్చి ఆవిడకు చెబుతాను. వాళ్లిద్దరూ యూదులు, తల్లీకూతుళ్లు. మధ్యలో దుబాసీ నేను. ఒకసారి సవ్తా ఒక పొడవాటి మాట చెప్పి కూతురి వైపు చూపించింది. సగమే అర్థమైంది. చిన్నప్పుడు బస్సులో యిడ్డిష్‌లో పిలిస్తే ఈ పిల్ల సిగ్గుపడి మొహం తిప్పుకునేది, అందుకే మానేశానని. నేను కాస్త ఆలోచించి, ఉన్నదున్నట్టే చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి గిన్నెలు కడగసాగింది, ఎప్పుడూ ఆ పని నాకే వదిలేసే మనిషి.

చేరాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు. జిరాక్స్ పేజీలు మసకగా ఉంటాయి, అక్షరాల కింద గీతలు కనబడవు. ఆలెఫ్ కింద గీత కనబడకపోతే అది ‘అ’నో ‘ఒ’నో తెలియదు, కాబట్టి స్పష్టమైన ప్రతి అడిగి తీసుకోండి. పాఠాల రికార్డింగ్ ఇవ్వరు. హీబ్రూ బొత్తిగా రాకపోతే చేరి లాభం లేదు. కవిత్వం, చరిత్ర ఇష్టమైతే ఇంతకంటే మంచి చోటు దొరకదు, ఐదుకు ఐదూ ఇస్తాను. ముసలివాళ్లకు సేవ చేసేవాళ్లకైతే రెండున్నర. ఒంట్లో భాగాలు, ఆకలి, దాహం, చలి, భయం, ఇంటికి వెళ్లాలి... ఇవి పన్నెండు వారాల్లో ఒక పూట కూడా నోచుకోలేదు. ‘భయపడకు’ అనే మాట నేను తరగతిలో కాదు, సవ్తా దగ్గరే నేర్చుకున్నాను. ఉరుము వినబడినప్పుడు ఆమె నాకు చెప్పింది.

రెండో స్థాయి పండుగలయ్యాక మొదలవుతుంది, ఫీజు అంతే. నేను చేరడం లేదు. కూతురు పేరు రాయించుకుంది. ఫ్రిజ్ మీది కాగితానికి ఒక నకలు తీసి ఆవిడ సంచిలో పెట్టాను. మంగళవారం సాయంత్రాలు సవ్తా దగ్గర ఇక నేనే ఉంటాను.