ఐఏటీ సెన్సార్ కోడ్ వస్తే ఏది మేలు: సెన్సార్ మార్చడమా, స్కానర్‌తో చూడడమా, మీటర్ పట్టడమా?

చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్ పెట్టగానే ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత సెన్సార్, అంటే ఐఏటీ సెన్సార్, దోషాన్ని తెలిపే కోడ్ బయటపడితే కారు యజమాని ముందు మూడు దారులుంటాయి. కొత్త సెన్సార్ తెచ్చి వేయడం ఒకటి, స్కానర్‌లో లైవ్ డేటా, అంటే సెన్సార్లు ఆ క్షణంలో చూపే అంకెలు, చూసి తేల్చుకోవడం రెండు, మల్టీమీటర్‌తో వైరింగ్‌ను పరీక్షించడం మూడు. అనంతపురం, కర్నూలు, కడప షెడ్లలో ఎక్కువగా జరిగేది మొదటిదే, కానీ ముందుగా చేయకూడనిదీ అదేనని నా నిశ్చితాభిప్రాయం.

ఎందుకంటే కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో దోషముందని మాత్రమే, సెన్సార్ పాడైందని కాదు. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లలో ఈ సెన్సార్, వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే ఒక చిన్న థర్మిస్టర్. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, తన లోపలి రెసిస్టర్ ద్వారా దానికి 5 వోల్టులు పంపి, ఆ తీగ మీద మిగిలే వోల్టేజిని బట్టి గాలి ఎంత వేడిగా ఉందో లెక్కగడుతుంది. తీగ తెగినా, తీగలను సెన్సార్‌కు కలిపే ప్లగ్గు, అంటే కప్లర్, ఊడినా వోల్టేజి పూర్తిగా పైకి పోయి పీ0113 నమోదవుతుంది. అదే తీగ ఎర్త్‌కు తగిలితే వోల్టేజి పడిపోయి పీ0112 వస్తుంది. అప్పుడప్పుడూ తెగి కలిసే కనెక్షన్ అయితే పీ0114. ఈ మూడింటిలో ఏది వచ్చినా దోషం సెన్సార్‌లో ఉండవచ్చు, తీగలో ఉండవచ్చు, కప్లర్ పిన్నులో ఉండవచ్చు.

టర్బో ఉన్న డీజిల్ కార్లలో ఇంకో చిక్కు ఉంది. చాలా వాటిలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గర, లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్‌లో ఒక ఉష్ణోగ్రత సెన్సార్, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటాక, గాలి పీడనాన్ని కొలిచే మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సార్‌లో మరొకటి ఉంటాయి. పీ0112, పీ0113 మొదటి సెన్సార్‌వి. పీ0097, పీ0098 రెండోదానివి. కోడ్ ఒకదానిది, మార్చింది మరొకటి అయితే డబ్బు పోతుంది, లైటు మాత్రం ఆరదు.

స్కానర్ విషయానికి వస్తే, చవకగా దొరికే బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ ఉన్నా మొదటి విచారణ అయిపోతుంది. రాత్రంతా నీడలో నిలిపిన కారుకు తెల్లవారుజామున, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి ఇన్‌టేక్ గాలి, కూలెంట్ ఉష్ణోగ్రతలు రెండూ చూడాలి. అవి రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి కొద్ది డిగ్రీల తేడాలో ఉంటే సెన్సార్ సరిగానే చెబుతున్నట్టు. మే నెల కడపలో మైనస్ 40 కనిపించిందంటే సర్క్యూట్ తెగినట్టే లెక్క, ఎందుకంటే స్కానర్లు కారుతో మాట్లాడే ఓబీడీ ప్రమాణంలో ఈ అంకె మొదలయ్యేదే అక్కడి నుంచి. అయితే మధ్యాహ్నం ఎండలో గంటసేపు నిలిపిన కారు స్టార్ట్ చేయగానే 60 డిగ్రీలు చూపితే కంగారు పడనక్కరలేదు. బానెట్ కింద నిజంగానే అంత వేడి ఉంటుంది, హైవే ఎక్కి వేగం అందుకున్నాక అంకె దిగివస్తుంది. దిగకుండా అక్కడే నిలిచిపోతేనే అనుమానించాలి. ఇంకో జాగ్రత్త: కొన్ని ఈసీయూలు దోషం నమోదయ్యాక అసలు కొలతకు బదులు తాము ఊహించిన విలువను చూపిస్తాయి కనుక, కోడ్ చెరిపేసి మళ్లీ చూడడం మంచిది.

స్కానర్‌కు ఒక ముక్క తీగ తోడైతే, నా దృష్టిలో, ఇంతకు మించిన పరీక్ష లేదు. రెండు తీగల సెన్సార్ అయితే ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి కప్లర్ ఊడదీయాలి. అంకె మైనస్ 40 దగ్గరకు పడిపోవాలి. తర్వాత హార్నెస్ వైపు, అంటే కారు తీగల వైపు ఉన్న, కప్లర్‌లోని రెండు పిన్నులనూ తీగతో కలపాలి; అంకె వంద దాటి పైకి పోవాలి. రెండూ జరిగితే తీగలూ ఈసీయూ బాగున్నట్టు, దోషం వస్తూ పోతూ ఉండే రకం కాకపోతే అప్పుడు సెన్సార్ కొనవచ్చు. ఊడదీసినా అంకె పైనే ఉంటే సిగ్నల్ తీగ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది. కలిపినా పైకి పోకపోతే చాలావరకు తీగ తెగినట్టే. నాలుగైదు తీగల కప్లర్‌లో మాత్రం ఏ పిన్ను ఏదో వైరింగ్ డయాగ్రం చూసి తెలుసుకోకుండా కలపరాదు. 5 వోల్టుల సరఫరాను ఎర్త్‌కు కలిపితే అదే సరఫరా మీద ఆధారపడిన మిగతా సెన్సార్లూ ఆగిపోతాయి.

తీగలో దోషమని తేలాకనే మల్టీమీటర్ అసలు విలువ తెలుస్తుంది. అనంతపురం పల్లెల్లో శనగకట్టె వామి పక్కనే కారు నిలిపే ఇళ్లలో ఎలుకలు వైర్లు కొరకడం కొత్తేమీ కాదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనుక, తొడుగు కింద, ఒక్క తీగ పైపొర పోయి రాగి పోగులు రెండు మూడే మిగిలి ఉంటాయి. కంటికి కలిసున్నట్టే కనిపిస్తుంది, కుదుపుకు తెగుతుంది. అందుకే మీటర్ పెట్టి, తీగను కదుపుతూ చూడాలి. తీగను సూదితో గుచ్చకుండా కప్లర్ వెనుక నుంచి ప్రోబ్ పెట్టాలి, లేకపోతే వానాకాలంలో ఆ రంధ్రంలోంచే నీరు చేరి పచ్చ చిలుము పడుతుంది. సెన్సార్‌ను విడిగా కొలవాలంటే, చాలా బాష్ రకాల్లో 20 డిగ్రీల వద్ద సుమారు రెండున్నర కిలో ఓములు ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో వేడిచేస్తే అంకె సాఫీగా తగ్గాలి, మధ్యలో గెంతకూడదు. మీటర్‌కున్న లోటేమిటంటే, అది ఈసీయూ ఏం చదువుతోందో చెప్పలేదు.

కొత్త కార్లు కొన్నిటిలో ఈ సెన్సార్ వోల్టేజిగా కాక సెంట్ అనే డిజిటల్ పద్ధతిలో, వేగమైన పల్సుల రూపంలో సమాచారం పంపుతుంది. సెన్సార్‌కూ ఈసీయూకూ మధ్య సమాచారం అందకపోవడాన్ని చెప్పే కమ్యూనికేషన్ ఫాల్ట్ అనే మాట నిజంగా వర్తించేది ఇక్కడే. మీటర్‌తో దాని సరఫరా 5 వోల్టులు, ఎర్త్ సరిచూడవచ్చు కానీ సిగ్నల్ తీగ మీద కనిపించేది సగటు అంకె మాత్రమే, దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. తీగను కలిపి చూసే పరీక్ష కూడా ఇక్కడ పనికిరాదు. ఆ పల్సులను తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోప్ ఉన్న చోటికి, లేదా ఆ కంపెనీ స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లడమే మేలు. వారంటీ ఉన్న కారైతే మరో ఆలోచనే వద్దు.

పాత తరహా రెండు తీగల సెన్సార్ అయితే మాత్రం ఊళ్లోని మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చాలు. ఆయన చేతిలో స్కానర్, మీటర్ రెండూ ఉన్నాయో లేదో, కప్లర్ ఊడదీసి అంకె చూపిస్తారో లేదో ముందే అడగండి. మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపించుకుని, మర్నాడు ఉదయం చల్లని ఇంజిన్ మీద ఆ రెండు ఉష్ణోగ్రతలనూ మళ్లీ పోల్చి చూశాకే డబ్బు లెక్క తేల్చుకోండి.