ఐరన్ యాంగ్లర్ల ముళ్లకంచె: ఆరేళ్లలో ఏది నిలిచింది, ఏది పోయింది

మా రెండెకరాల చతురస్రపు చెలకకు చుట్టుకొలత 360 మీటర్లు. పదడుగులకొకటి చొప్పున ఏడడుగుల యాంగ్లర్లు (L ఆకారపు ఇనుప స్తంభాలు) 118 పట్టాయి. మూలలకు, గేటుకు, వరుసల మధ్యలో ఏటవాలు సపోర్టులకు మరో 18. తీగ ఐదు వరుసలు. 12×14 గేజీది (తీగ 12, ముళ్లు 14 గేజీ) కిలోకు సుమారు 9 మీటర్లు వస్తుంది కనుక 200 కిలోలు.

యాంగ్లర్‌ను తూకం వేసే కొనండి. 40×40×5 మిల్లీమీటర్లదైతే ఏడడుగుల ముక్క 6.4 కిలోలు తూగాలి. మందం నాలుగే ఉంటే 5.1 కిలోలకు మించదు. మేం కొన్న సరుకులో అలాంటివి కొన్ని కలిశాయి. ఎద్దులు ఒళ్లు రుద్దుకుంటే వంగినవి అవే.

తీగ కంటే ముందు పాడయ్యేది యాంగ్లర్ మొదలు. మట్టి, గాలి, తడి కలిసే ఆ నాలుగంగుళాల దగ్గర తుప్పు పొరలుగా లేస్తుంది, గోటితో గీరితే పెళ్లలు ఊడతాయి. కాంక్రీటును నేలమట్టానికి కిందే ఆపిన చోట నీళ్లు నిలిచి నాలుగో ఏటికే ఇది మొదలైంది. రెండంగుళాలు పైకి లేపి, నీళ్లు జారిపోయేలా చుట్టూ వాలు చేసిన చోట ఇప్పటికీ గట్టిగా ఉంది. కాంక్రీటులో మునిగే భాగానికి రంగు అక్కర్లేదు. యాంగ్లర్ కాంక్రీటు బయటికొచ్చే చోట అటూ ఇటూ ఆరేసి అంగుళాలు రెడాక్సైడ్ (తుప్పు ఆపే ఎర్ర రంగు) మీద తారుపూత వేయాలి. ఎరువుల బస్తాలు కంచెకు ఆనించకండి, ఆ ఉప్పుకు తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

9 అంగుళాల ఆగర్‌తో (గుంతలు తవ్వే బర్మాతో) రెండడుగులు తీస్తే, 1:2:4 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) సిమెంటు బస్తా ఆరు గుంతలకు సరిపోతుంది. ఎర్రనేలకు ఇది చాలు. నల్లరేగడి ముక్కలో మాత్రం వేసవికి నేల నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి, యాంగ్లర్లు ఒరిగాయి. అక్కడ ఏడున్నర అడుగుల ముక్కలు తీసుకుని, రెండున్నర అడుగులు దించి, గుంత అడుగును పైకన్నా వెడల్పు చేయాలి.

సపోర్టు లేకుండా తీగ లాగితే మూల యాంగ్లర్ లోపలికి వంగి, వరుస మొత్తం వదులవుతుంది. ప్రతి మూలకూ, వరుసలో ప్రతి 45 మీటర్లకూ రెండేసి సపోర్టులు పెట్టి, కాంక్రీటును వారం తడిపాకే తీగ బిగించాలి. 30 డిగ్రీల తేడాకు 50 మీటర్ల తీగ 18 మిల్లీమీటర్లు సాగుతుంది. చలికాలం పొద్దున బిగించింది మే నెలలో జోలాడేది అందుకే. ఎండలో లాగడమే మేలు. తీగ పొలం బయటి వైపు ఉండాలి, అప్పుడు పశువు తోసినా బరువు కట్టు మీద కాక యాంగ్లర్ మీద పడుతుంది. కట్టడానికి సెంట్రింగు వాళ్ల నల్ల బైండింగు వైరు వద్దు. రెండో వానాకాలానికే అది వేళ్ల మధ్య పొడి అయింది. 14 గేజీ జీఐ (జింకు పూత) తీగతో కట్టినవి చెక్కుచెదరలేదు.

వరుసలు నేల నుంచి 6, 14, 24, 38, 54 అంగుళాల ఎత్తున ఉన్నాయి. మేకలు, పశువులు ఆగాయి. అడవి పందులు ఆగలేదు, ముట్టెతో అడుగు తీగ ఎత్తి దూరతాయి. పందుల బెడద ఉంటే కింద మూడడుగుల చైన్‌లింక్ జాలి వేసి, అంచు అరడుగు మట్టిలో పూడ్చండి. కరెంటు మాత్రం తగిలించవద్దు, ప్రాణాలు పోతాయి, అది నేరం కూడా. సోలార్ ఫెన్సింగ్ కావాలంటే దాని యంత్రంతో విడిగానే వేయాలి. దానికి ముళ్లతీగ పనికిరాదు, సాదా జీఐ తీగ, ఇన్సులేటర్లు కావాలి.