బెజవాడలో అత్తయ్య స్కూటర్

నడవలేనివాళ్ళు కూర్చుని నడుపుకునే మొబిలిటీ స్కూటర్‌తో బెజవాడ తిరగొచ్చా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. తిరగొచ్చు. కానీ ఎక్కడికి, ఏ వేళకి అన్నది ముందే చూసుకోవాలి.

మా అత్తయ్యకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పది అడుగులు వేయగలరు, ఇరవై వేయలేరు. ఆవిడది నాలుగు చక్రాల బ్యాటరీ బండి. బొటనవేలితో మీట నొక్కితే కదులుతుంది, వదిలేస్తే బ్రేకు దానంతట అదే పడుతుంది. సీటూ బ్యాటరీ విప్పి కారు డిక్కీలో పెట్టుకుని హైదరాబాద్ నుంచి వచ్చాం. విప్పినా సరే, ఎత్తడానికి ఇద్దరు ఉండాల్సిందే. ఎండాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి, బెజవాడ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది! మేం భవానీ దీక్షల విరమణ రద్దీ తగ్గాక, సంక్రాంతి లోపు వెళ్ళాం.

బండికి అన్నిటికంటే బాగా కుదిరింది స్వరాజ్ మైదానంలోని అంబేడ్కర్ స్మృతివనం. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం, 2024 జనవరిలో ఆవిష్కరించారు. చుట్టూ చదునుగా, విశాలంగా ఉంటుంది. సాయంత్రం గాలి కూడా బాగుంటుంది. చిక్కల్లా ఆ విగ్రహం ఎత్తుతోనే. అక్కడ ప్రతి ఒక్కరూ తల పైకెత్తి చూస్తుంటారు. విగ్రహం మొత్తం ఫోన్‌లో పట్టక ఒక్కో అడుగూ వెనక్కి వేస్తుంటారు. వెనకేముందో ఎవరూ చూడరు. ఇటు మా అత్తయ్యేమో ఖాళీ కనపడగానే స్పీడు మీటని తాబేలు బొమ్మ నుంచి కుందేలు బొమ్మ వైపు తిప్పేశారు. ఆ స్పీడులో పక్కన నడుస్తున్న మనిషి బండిని అందుకోలేరు. మళ్ళీ తాబేలు మీదకి తెచ్చేదాకా నాకు టెన్షనే.

"హారన్ ఉన్నది కొట్టడానికే కదమ్మాయ్" అన్నారు.

"బండి చప్పుడు లేకుండా వస్తుంది అత్తయ్యా. వెనకనుంచి ఒక్కసారిగా హారన్ మోగితే వాళ్ళు ఎటు గెంతుతారో తెలీదు. ఆగి పిలవండి."

ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన గొంతు ఆవిడది. "బాబూ, కాస్త దారి" అంటే ఆరుగురు కుర్రాళ్ళు ఫోన్లు దించి పక్కకి జరిగారు. ఆ తర్వాత హారన్ జోలికి పోలేదు.

మనిషీ బండీ కలిస్తే వంద కిలోలు సులువుగా దాటుతుంది. అది పాదం మీదకెక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. గుడి దగ్గరైతే అందరివీ ఒట్టి పాదాలే. అందుకే ఇంద్రకీలాద్రి మీదకి బండి తీసుకెళ్ళే ఆలోచనే పెట్టుకోలేదు. రోడ్డు మీద తిరిగిన చక్రాలతో గుళ్ళోకి వెళ్ళడానికి అత్తయ్య మనసు కూడా ఒప్పుకోదు. బండిని కారులోనే ఉంచి, మడత వీల్‌చెయిర్‌లో మల్లికార్జున మహామండపం దాకా తీసుకెళ్ళి, అక్కడి లిఫ్టులో పైకి వెళ్ళాం. శుక్రవారాలూ, దసరా రోజులూ, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు వీటి జోలికి వెళ్ళకండి. మామూలు మంగళవారం పొద్దున మాకు దర్శనం హాయిగానే అయింది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. పెద్దావిడని చూసి జనం దారి ఇస్తారు, అది ఆవిడకీ కుర్చీ తోసే మనిషికీ ఇచ్చిన దారి. దాని వెనకే ఇంటిల్లిపాదీ దూరిపోవడం నాకు నచ్చదు. మావారు అత్తయ్యతో వెళ్ళారు. నేనూ పిల్లలూ మామూలు క్యూలో నిలబడ్డాం. పిల్లలు సణిగారు, సణగనీ.

బీసెంట్ రోడ్డుకి సాయంత్రం బండి వద్దే వద్దు. తోపుడుబళ్ళు, దుకాణాల ముందు వేలాడే చుడీదార్లు, సంచులు పట్టుకుని సగం దారిలో ఆగి బేరాలాడేవాళ్ళు. వెనక్కి తిప్పడానికి జానెడు చోటుండదు. బండికీ కష్టం, జనానికీ కష్టం. పొద్దున షాపులు తెరిచే వేళకి వెళ్తే అదే రోడ్డు వేరే ఊరిలా ఉంది. అత్తయ్య తీరిగ్గా జాకెట్టు ముక్కలు ఏరుకున్నారు. దుకాణాయన బట్టలు బయటికే తెచ్చి చూపించాడు. ఫుట్‌పాత్ మీద బైకులు నిలిపిన చోట రోడ్డు మీదకి దిగక తప్పదు. దిగేటప్పుడు చక్రాలు తిన్నగా అంచుకి ఎదురుగా ఉండాలి. ఏటవాలుగా దింపితే ఒక పక్క చక్రం గాల్లోకి లేచి బండి ఒరుగుతుంది. మూడు చక్రాల రకం ఇంకా తొందరగా ఒరుగుతుంది. ఎత్తు ఎక్కువనిపిస్తే అత్తయ్య దిగి నిలబడేవారు, మావారు బండి దింపేవారు.

పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ గాలికి కాసేపు కూర్చున్నాం. వాలు ఉన్న ఏ చోటైనా ఒకటి గుర్తుంచుకోవాలి. బండిని చేత్తో తోసుకోవడానికి వెనక ఒక చిన్న లివర్ ఉంటుంది. దాన్ని తిప్పితే మోటారు బ్రేకు విడిపోతుంది. వాలు మీద, పైన మనిషి ఉండగా దాన్ని ముట్టుకోకూడదు. సాయం చేద్దామని వచ్చిన ఒక పెద్దాయన సరిగ్గా దానిమీదే చెయ్యి వేశారు. మావారు దండం పెట్టి ఆపారు.

ప్రకాశం బ్యారేజీ రాత్రి దీపాల వెలుగులో కారులోంచే చూశాం. ఆ ట్రాఫిక్‌లో ఈ బండికి పనిలేదు. ఉండవల్లి గుహలు మెట్లతో నాలుగు అంతస్తులు. అనంతశయనుడు పైన ఉన్నాడు. అత్తయ్య కింద చెట్టునీడలో కూర్చుని మా ఫోటోల్లో దర్శనం చేసుకున్నారు. కొండని తొలిచి చేసిన గుహల్లో ర్యాంపు లేదని అలగలేం.

బసే ఎక్కువ విసిగించింది. మొదటి హోటల్‌వాళ్ళు ఫోన్‌లో ర్యాంపు ఉందన్నారు. ఉంది, సామాన్ల ట్రాలీ కోసం, వెనక వంటగది పక్కన! అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ర్యాంపు లెక్క. అక్కడ అందులో సగం కూడా లేదు. అడ్వాన్సు పోతే పోయిందని బెంజి సర్కిల్ వైపు ఇంకో హోటల్‌కి మారాం. ఈసారి ముందుగానే వాకిలి, లిఫ్టు, బాత్రూం తలుపు ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకున్నాం. అక్కడి లిఫ్టులో బండి తిరగదు, వెనక్కి నడుపుతూ బయటికి రావాలి. లోపలికి వెళ్ళగానే బండి తాళంచెవి తీసేయాలి, లేకపోతే ఎవరి సంచైనా మీటకి తగిలి బండి కదులుతుంది. టిఫిన్ల వేళ రద్దీలో రెండు లిఫ్టులు వదిలేసి మూడోది ఎక్కేవాళ్ళం. చార్జింగ్ వరండాలో పెట్టుకోమన్నారు కానీ, వైరు ఎవరి కాళ్ళకో అడ్డం పడుతుందని గదిలోనే, మేం మెలకువగా ఉన్నప్పుడే పెట్టాం. అద్దె ఎక్కువ, ఇడ్లీ మామూలు. మళ్ళీ వెళ్తే మాత్రం అక్కడే దిగుతాం.